పాలమూరు ఎండలో చీజ్ మాగేనా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. కృష్ణా, తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డలో నిలబడి చూస్తే ఆ మాట వట్టి సామెత కాదనిపిస్తుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... ఎక్కడైనా మే నెల మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు దాటాల్సిందే. పొద్దున కాచడం మరిచిన పాలు మధ్యాహ్నానికల్లా విరిగిపోతాయి. రాత్రి తోడేసిన పెరుగు తెల్లారేసరికే పులుపెక్కుతుంది. అలాంటి చోట పాలను గడ్డ కట్టించి, రెండు మూడు నెలలు చెడిపోకుండా దాచి, ఆ తర్వాత తినడమా?

అవును, చీజ్ సంగతే!

పిజ్జాలూ శాండ్‌విచ్‌లూ జిల్లా కేంద్రాల బేకరీలదాకా వచ్చేశాక పిల్లలకు చీజ్ కొత్త కాదు. ఇంట్లో పన్నీరు చేయడం వచ్చిన అమ్మకు ‘చీజ్ కూడా మనమే చేసుకుంటే పోలా’ అనిపించడమూ వింత కాదు. నిజానికి చేయడం పెద్ద కష్టం కాదు, ఒక పూట పని. కష్టమంతా దాన్ని మాగబెట్టడంలోనే ఉంది. పది లీటర్ల ఆవుపాలు పోస్తే వచ్చేది సుమారు కిలో చీజ్. మాగే రెండు మూడు నెలల్లో వేడి ఎక్కువైతే అందులోని కొవ్వు కారిపోతుంది. గాలి పొడిబారితే గడ్డ నెర్రెలిస్తుంది. తేమ మితిమీరితే బూజు పట్టి జిగురు సాగుతుంది. ఏది జరిగినా పది లీటర్ల పాలూ నేలపాలే!

జున్ను వేరు... ఇది వేరు

ఇంగ్లిషు-తెలుగు నిఘంటువు తిరగేస్తే చీజ్ అన్న మాటకు ‘జున్ను’ అన్న అర్థం కనిపిస్తుంది. కానీ మన జున్ను అది కాదు. గేదె ఈనిన తొలి రోజుల్లో వచ్చే పాలలో రోగాలను అడ్డుకునే మాంసకృత్తులు దండిగా ఉంటాయి. వేడి తగలగానే అవే గట్టిపడతాయి. బెల్లం, మిరియాలు, యాలకులు వేసుకుని ఆ రోజే తినేస్తాం. ఇక పన్నీరు... కాగే పాలలో నిమ్మరసం పిండితే విరిగి వచ్చిన ముద్ద. అదీ తాజాగా తినేదే.

మాగే చీజ్ దారి వేరు. గోరువెచ్చని పాలలో ముందు తోడు వేస్తారు. తర్వాత రెన్నెట్ అనే ఎంజైమ్‌ను చుక్కలుగా కలుపుతారు. పూర్వం దీన్ని లేగదూడల పొట్ట నుంచి తీసేవారు. ఇప్పుడు సూక్ష్మజీవుల నుంచి తయారైన శాకాహార రెన్నెట్ దొరుకుతోంది. ముప్పావు గంటలో పాలు మెత్తటి గడ్డలా పేరుకుంటాయి. దాన్ని ముక్కలు కోసి, నీరు వార్చి, బరువు పెట్టి నొక్కి, ఉప్పు పట్టిస్తారు. అప్పటికి అది చప్పిడి ముద్దే. రుచి పుట్టేది ఆ తర్వాతే. అందులో మిగిలిన సూక్ష్మజీవులు, ఎంజైమ్‌లు నెలల తరబడి పనిచేసి మాంసకృత్తులనూ కొవ్వునూ కొద్దికొద్దిగా విడగొడతాయి. కమ్మదనం, ఘాటు, వాసన అన్నీ అలా వచ్చేవే.

ఈ పద్ధతి నాగర్‌కర్నూల్ జిల్లావాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. కొల్లాపూర్ మామిడికాయను వరిగడ్డిలో పేర్చి మాగేస్తారు కదా, ఇదీ అంతే. తేడా ఒక్కటే. మామిడి వెచ్చగా ఉంటే మాగుతుంది, చీజ్ చల్లగా ఉంటేనే మాగుతుంది.

నేలమాళిగ గుట్టు

ఫ్రాన్స్ దక్షిణాన రోక్‌ఫోర్ అనే చిన్న ఊరుంది. దాని పక్కనే కొంబాలూ కొండ. ఆ కొండ గుహల్లో ఏడాది పొడుగునా చల్లని, తేమ నిండిన గాలి ఆడుతూ ఉంటుంది. రాతి పగుళ్లలోంచి వచ్చే ఆ గాలే లోకమంతా పేరుపడ్డ నీలి చీజ్‌ను మాగబెడుతోంది. అక్కడివాళ్లకు ఫ్రిజ్‌లతో అవసరం పడలేదు. నేలే వాళ్ల ఫ్రిజ్!

మరి మన నేల? పూర్వం జొన్నలు దాచుకునే పాతరలు మనకూ ఉండేవి. ఆ పాతరలో చీజ్ పెడితే మాగదా? మాగదు. కారణం తేలికే. నేలలోకి కొన్ని మీటర్లు దిగితే ఎండాకాలం, చలికాలం తేడా దాదాపు మాయమవుతుంది. ఆ ఊళ్లో ఏడాది మొత్తానికి సగటున ఎంత వేడి ఉంటుందో లోపలా సుమారు అంతే ఉంటుంది. చలిదేశాల్లో ఆ సగటు 10, 12 డిగ్రీలు. పాలమూరులో అది 25 డిగ్రీల పైమాటే. అంటే మనం ఎంత లోతు తవ్వినా చీజ్‌కు కావాల్సిన చల్లదనం అందదు. దక్షిణాదిన కొడైకెనాల్ చీజ్‌కు పేరు రావడానికీ ఇదే లెక్క తోడ్పడింది. ఆ ఊరు సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైగా ఎత్తులో ఉంది మరి.

అందుకే మన పెద్దలు పాలను వేరే దారిలో దాచారు. దాలిలో కాచి, తోడేసి, కవ్వంతో చిలికి, వెన్న కాచి నెయ్యి చేశారు. నెయ్యిలో నీరు అర శాతానికి మించదు. నీరు లేనిచోట సూక్ష్మజీవికి పని లేదు. కాబట్టి 40 డిగ్రీల ఎండలోనూ నెయ్యి నెలల తరబడి నిలుస్తుంది. మనకు చీజ్ రాకపోవడం తెలియనితనం కాదు, మన ఎండకు తగిన తెలివి నెయ్యి రూపంలో ఉండటం.

గుర్తుంచుకోవాల్సిన రెండు అంకెలు

ఈ రోజుల్లో చల్లదనాన్ని కరెంటుతో తెచ్చుకోవచ్చు. అయితే ఎంత చల్లదనం? ఎంత తేమ? చెడ్డార్, గౌడా వంటి గట్టి చీజ్‌లకు 10 నుంచి 13 డిగ్రీల వేడి, గాలిలో 80 నుంచి 85 శాతం తేమ కావాలి. పైన తెల్లని బూజు పెంచే కమెంబెర్ లాంటి మెత్తటి రకాలకు వేడి అంతే చాలు గానీ తేమ 90 శాతం దాటాలి. ఇంట్లో మొదలుపెట్టేవాళ్లు ‘12 డిగ్రీలు, 85 శాతం’ అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

రెండు అంకెలకూ కారణముంది. వంటింటి ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది. అక్కడ చీజ్ చెడదు గానీ సరిగా మాగదు కూడా. ఎంజైమ్‌ల పని మరీ మందగిస్తుంది. వేడి 16 డిగ్రీలు దాటి పైకి వెళ్లేకొద్దీ మాగడం తొందరవుతుంది, దాంతోపాటు అక్కర్లేని సూక్ష్మజీవులూ విజృంభిస్తాయి. చేదు, వెగటు వాసన మొదలవుతాయి. ఇక తేమ. అది తగ్గితే పైపొర ముందే ఎండి బిగుసుకుంటుంది. లోపలి నీరు బయటికి రాలేక గడ్డ పగులుతుంది. ఆ పగుళ్లలోకి బూజు దూరుతుంది.

ఫ్రిజ్ ఎందుకు పొడి?

ఎండాకాలంలో గద్వాల గాలి ఒళ్లంతా ఎండగట్టేస్తుంది. 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉందనుకుందాం. ఆ లెక్కన ఘనమీటరు గాలిలో సుమారు 10 గ్రాముల నీటి ఆవిరి ఉన్నట్టు. ఇప్పుడు అదే గాలిని 12 డిగ్రీలకు చల్లబరిస్తే? చల్లటి గాలి పట్టుకోగలిగే ఆవిరి తక్కువ. 12 డిగ్రీల దగ్గర అది 11 గ్రాముల లోపే. అంటే మనల్ని ఎండబెట్టిన ఆ గాలే 95 శాతం తేమతో దాదాపు నిండిపోతుంది! గాలిలో నీరు ఎక్కడికీ పోలేదు, వేడి తగ్గింది, అంతే.

అయినా ఫ్రిజ్‌లో పెట్టిన కొత్తిమీర వాడిపోతుంది, మూత లేని పిండి పైన చెక్కుకడుతుంది. ఎందుకని? ఫ్రిజ్‌లోని శీతల ఫలకం సున్నా కంటే కిందికి చల్లబడుతుంది. గాలిలోని ఆవిరి దానిమీద మంచుగా పేరుకుంటుంది. ఆ ఫలకం మైనస్ 5 డిగ్రీల్లో ఉంటే దాన్ని తాకిన గాలిలో ఘనమీటరుకు మిగిలేది మూడు గ్రాముల పైచిలుకే. ఆ గాలి తిరిగి 12 డిగ్రీలకు వచ్చేసరికి తేమ 30 శాతం దగ్గరికి పడిపోతుంది. మూత లేకుండా పెట్టిన చీజ్ నెర్రెలివ్వడానికి కారణం అదే. ఫ్యాను తిరిగే ‘ఫ్రాస్ట్ ఫ్రీ’ ఫ్రిజ్‌లలో ఈ ఎండబెట్టడం ఇంకా ఎక్కువ. అందుకని చీజ్‌కు పాతకాలపు ఒంటితలుపు ఫ్రిజ్ మేలు.

మగ్గం గుంట చెప్పే పాఠం

తేమను నిలబెట్టే కిటుకు గద్వాలలో ఎప్పటినుంచో ఉంది. గద్వాల చీర నేసే మగ్గాన్ని గుంటపైన ఎందుకు అమర్చుతారు? నేతగాడు కాళ్లు పెట్టుకోవడానికే కాదు. నూలు దారానికి తేమ తగిలితే బలం పెరుగుతుంది, పొడిబారితే పుటుక్కున తెగుతుంది. నేలలోని గుంట చల్లదనాన్నీ తేమనూ పట్టి ఉంచి పడుగు తెగకుండా కాపాడుతుంది. ఇల్లంతా తడపక్కర్లేదు, దారం చుట్టూ ఉన్న గాలి తడిగా ఉంటే చాలు.

చీజ్‌కూ అదే సూత్రం. ఫ్రిజ్ మొత్తాన్ని తేమగా ఉంచాలని చూడకూడదు. మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకోవాలి. చీజ్ అందులో మూడో వంతు జాగా పట్టేలా ఉంటే బాగుంటుంది. అడుగున శుభ్రమైన వెదురు చాప ముక్కో ప్లాస్టిక్ జాలీయో వేసి దానిమీద చీజ్ ఉంచాలి. ఓ మూల తడిపి పిండిన గుడ్డ పెడితే చాలు. చీజ్ నుంచి వచ్చే ఆవిరి, గుడ్డలోని తడి కలిసి డబ్బాలో చిన్న గుహను సృష్టిస్తాయి. మూత లోపల నీటిబొట్లు కనిపిస్తే తేమ మితిమీరినట్టే. తుడిచేసి, గుడ్డ తీసి, మూతను వేలెడంత తెరిచి ఉంచాలి. పైపొర బిరుసెక్కుతుంటే గుడ్డ మళ్లీ తడపాలి.

కుండ సరిపోదా?

పాలమూరు ఇళ్లలో వేసవి రాగానే రంజన్లు దిగుతాయి. తడిగుడ్డ చుట్టిన కుండలో నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో అందరికీ తెలుసు. ఆ కుండలో చీజ్ మాగబెడితే? దానికీ ఓ హద్దుంది. 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న రోజున నీరు ఎంత ఆవిరైనా కుండ 22 డిగ్రీల కంటే కిందికి చల్లబడలేదు. నీళ్లకు, కూరగాయలకు అది వరమే. చీజ్‌కు మాత్రం ఇంకో పది డిగ్రీలు తగ్గాలి. పైగా వానాకాలంలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి కుండ అంత కూడా చల్లబడదు. చలికాలంలో రాత్రుళ్లు చల్లగా ఉన్నా మధ్యాహ్నానికి ఎండ మళ్లీ 30 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. చీజ్‌కు కావాల్సింది ఒక పూట చలి కాదు, నెలల తరబడి ఒకే తీరున ఉండే చలి.

పాత ఫ్రిజ్... కొత్త కొలువు

కాబట్టి పాత ఫ్రిజ్‌కే పని చెప్పాలి. దాని సొంత మీట తిప్పినా 12 డిగ్రీలు నికరంగా నిలవవు. దానికోసం విడిగా దొరికే డిజిటల్ ఉష్ణోగ్రత నియంత్రకాన్ని వాడాలి. దాన్ని గోడ ప్లగ్గుకు పెట్టి, ఫ్రిజ్ వైరును దానికి కలపాలి. దాని తీగ కొసనున్న సెన్సర్‌ను నీళ్లు నింపిన చిన్న సీసాలో ముంచి మధ్య అరలో ఉంచాలి. గాలిలో వేలాడదీస్తే తలుపు తీసిన ప్రతిసారీ మోటారు ఆన్ అవుతుంది. 12 డిగ్రీలకు పెట్టి, ఒక డిగ్రీ తేడా ఇస్తే సరిపోతుంది. మోటారు ఆగాక కనీసం మూడు నిమిషాలు విరామం ఉండేలా చూసుకోవాలి, లేకపోతే కంప్రెసర్ దెబ్బతింటుంది.

కరెంటు పోతే? ఖాళీగా ఉన్న అరల నిండా నీళ్ల సీసాలు పేర్చాలి. గాలి ఇట్టే వేడెక్కుతుంది గానీ నీళ్లు అంత తొందరగా వేడెక్కవు. ఓ గంటా రెండు గంటలు కరెంటు లేకపోయినా, తలుపు తీయకుండా ఉంటే చీజ్‌కు నష్టం ఉండదు. ఫ్రిజ్‌ను కూడా పడమటి ఎండ పడే గోడకు దూరంగా, వెనక గాలి ఆడేలా పెట్టాలి.

ఉప్పుతో ఓ పరీక్ష

డబ్బాలో తేమ చూపించే చిన్న మీటర్లు ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి. అవి చెప్పేదంతా నిజమని నమ్మడానికి లేదు. వంటింట్లోనే పరీక్షించవచ్చు. సీసా మూతలో ఉప్పు వేసి, కరిగిపోకుండా తడిముద్దయ్యేలా కొన్ని చుక్కల నీళ్లు పోయాలి. మీటరునూ మూతనూ ఒక కవరులో పెట్టి గాలి చొరకుండా బిగించాలి. గది వేడిలో ఓ రాత్రంతా వదిలేస్తే లోపలి గాలి 75 శాతం తేమ దగ్గర నిలుస్తుంది. అది తడి ఉప్పు గుణం. మీటరు 70 చూపిస్తే అది అయిదు తక్కువ చెబుతోందన్నమాట. ఆ అయిదూ కలుపుకుని చదువుకుంటే సరి.

మీటరు లేకపోయినా తూకం ఉంది. మొదటిరోజు చీజ్ బరువు చీటీ మీద రాసి డబ్బాకు అంటించాలి. వారానికోసారి తూచాలి. బరువు నెమ్మదిగా తగ్గుతుంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. ఉన్నట్టుండి తగ్గితే గాలి పొడిబారింది. అసలు తగ్గకుండా పైన జిగట కనిపిస్తే తేమ ఎక్కువైంది. తొలి రెండు వారాలు రోజూ తిరగేయాలి, లేకపోతే నీరంతా ఒక పక్కకే దిగుతుంది. తర్వాత వారానికి రెండుసార్లు చాలు. పైన బూజు చుక్కలు కనిపిస్తే ఉప్పునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవాలి. పైపొర ఆరాక చీజ్‌కు వాడే మైనం పూతగా వేస్తే తేమ గురించి దిగులు చాలావరకు తగ్గుతుంది.

పల్లి నేర్పే జాగ్రత్త

వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల రైతుకు పల్లి పంట కొత్త కాదు. తడి ఆరకుండా బస్తాకెత్తితే ఏమవుతుందో అతనికి తెలుసు. బూజు పడుతుంది. ఆ బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. ఆ విషం కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. బూజు పట్టిన పల్లిచెక్కను గేదెకు దాణాగా పెడితే ఆ విషం రూపు మార్చుకుని పాలలోకి దిగుతుంది. కాచినా పోదు. చీజ్ చేసేటప్పుడు అది పాల మాంసకృత్తులను అంటిపెట్టుకుంటుంది కాబట్టి పాలలో కన్నా చీజ్‌లో మరింత చిక్కబడుతుంది. మంచి చీజ్ కావాలంటే ముందు పశువుకు పెట్టే చెక్క వాసన చూడాలి!

రెండో జాగ్రత్త పచ్చిపాలతో. క్షయ, బ్రూసెల్లా వంటి జబ్బులు పచ్చిపాల ద్వారా సోకుతాయి. అలాగని అలవాటు కొద్దీ పాలు పొంగించేస్తే రెన్నెట్ సరిగా పనిచేయదు, గడ్డ పిండిపిండిగా వస్తుంది. మధ్యేమార్గం ఉంది. థర్మామీటరు పెట్టి 63 డిగ్రీల దగ్గర అరగంట పాటు నిలిపి, 32 డిగ్రీలకు చల్లార్చాలి. జబ్బు చేసే క్రిములు చస్తాయి, గడ్డా చక్కగా కడుతుంది. గేదెపాల చీజ్ గట్టిగా, పొడిగా వస్తుంది, మాగడానికీ ఎక్కువ కాలం పడుతుంది. తొలిసారి ఆవుపాలే నయం.

చేసిన ఒకటి రెండు రోజుల్లోనే చీజ్ ఉబ్బి లోపల స్పాంజిలా బెజ్జాలు పడితే పారేయాల్సిందే. నలుపు, గులాబీ రంగు జిగురు కనిపించినా అంతే. గట్టి చీజ్ మీద చిన్న బూజు మచ్చ ఉంటే చుట్టూ అంగుళం మేర లోతుగా కోసి పడేయవచ్చు. మెత్తటి చీజ్‌కు ఆ వెసులుబాటు లేదు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది. కనుక ఇంట్లో చేసిన మెత్తటి చీజ్‌ను గర్భిణులకు పెట్టకపోవడమే మంచిది.

తొలి అడుగు ఉప్పునీళ్లలో...

ఇంత హడావుడి మొదటిసారే ఎందుకు అనుకునేవాళ్లకు వేడి దేశాలు ఓ దారి చూపించాయి. గ్రీసువాళ్ల ఫెటా, ఈజిప్టువాళ్ల దొమియాతి ఉప్పునీళ్లలోనే మాగుతాయి. గడ్డను ముక్కలు కోసి, ఉప్పు పట్టించి, లీటరు నీటికి 80 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలో పూర్తిగా మునిగేలా గాజుసీసాలో ఉంచి, మామూలు ఫ్రిజ్‌లో పెడతారు. నీళ్లలోనే ఉంది కాబట్టి తేమ లెక్క అక్కర్లేదు. చెడు క్రిముల సంగతి చాలావరకు ఉప్పు చూసుకుంటుంది. అసలైన ఫెటా అనిపించుకోవాలంటే కనీసం రెండు నెలలు మాగాలన్నది గ్రీసు నియమం. నిమ్మకాయను ఉప్పులో ఊరబెట్టే ఇల్లాలికి ఈ విద్య కొత్తేమీ కాదు.

అది కుదిరాక పాత ఫ్రిజ్‌ను దుమ్ము దులపొచ్చు. తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ కొత్త కోడలికి అత్తగారు నేర్పే మొదటి పాఠాల్లో తోడు వేయడం ఒకటి. చలికాలంలో గిన్నెకు దుప్పటి చుట్టి, ఎండాకాలంలో చల్లటి మూలన పెట్టి... ఏ థర్మామీటరూ లేకుండా ఆమె చేసేది వేడిని అదుపులో పెట్టడమే. చీజ్ అడిగేదీ అదే. కాకపోతే పెరుగుకు ఒక రాత్రి చాలు, చీజ్‌కు నూరు రాత్రుళ్లు కావాలి. ఆ నూరు రాత్రుళ్లూ డబ్బా మూత తెరిచి, తిరగేసి, తుడిచి, మళ్లీ మూసే ఓపిక ఉంటే... పాలమూరు ఎండలోనూ చీజ్ మాగుతుంది!